గ్రూపుల లోపల డేటాని నార్మలైజ్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్ (స్టాటిస్టిక్స్ భాష), పాండాస్ (పైథాన్‌లో టేబుళ్ల లైబ్రరీ), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష), వీటిలో ఏది వాడేవాళ్లయినా ఈ పని దగ్గర ఒకే రకంగా తట్టుకుని పడతారు, కాబట్టి అన్నిటికీ కలిపి ఒకే చోట రాశాను. ఫంక్షన్ల పేర్లు పలికే తీరులోనే తెలుగులో ఇచ్చాను.

గ్రూపు లోపల నార్మలైజ్ చేయడం అంటే అసలు ఏం చేస్తున్నట్టు?

ప్రతి విలువనీ దాని సొంత గ్రూపుతో మాత్రమే పోల్చి చూస్తున్నట్టు. ఎక్కువగా వాడేది జెడ్ స్కోరు: విలువలోంచి ఆ గ్రూపు సగటు తీసేసి, మిగిలినదాన్ని ఆ గ్రూపు స్టాండర్డ్ డీవియేషన్‌తో, అంటే ఎస్‌డితో, భాగిస్తారు. కొందరు సగటు తీసేసి అక్కడితో ఆపేస్తారు, కొందరు 0కీ 1కీ మధ్యకి కుదిస్తారు, కొందరికి గ్రూపు మొత్తంలో వాటా ఎంతో తెలిస్తే చాలు. సూత్రం ఏదైనా పని మాత్రం రెండే దశలు. మొదట గ్రూపుకో సంఖ్య లెక్కేయాలి. తర్వాత ఆ సంఖ్యని ఆ గ్రూపులో ఉన్న ప్రతి వరుసకీ తిరిగి పంచాలి. మొదటిది అందరికీ వచ్చు. ప్రోగ్రామ్ నత్తనడక నడిచేదీ, తప్పులు చడీచప్పుడు లేకుండా దూరేదీ రెండో దశలోనే, కింద ఉన్న ప్రశ్నల్లో సగం దాని గురించే.

కాలమ్ మొత్తాన్నీ ఒకేసారి నార్మలైజ్ చేస్తే సరిపోదా?

ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో దాన్ని బట్టి. గ్రూపు అ లో 10, 20, 30 ఉన్నాయి, గ్రూపు ఆ లో 100, 200, 300 ఉన్నాయనుకోండి. గ్రూపు లోపల జెడ్ స్కోరు తీస్తే రెండింటికీ -1, 0, 1 వస్తాయి. వేర్వేరు సెన్సర్లు వేర్వేరు స్కేల్‌లో కొలిచిన రీడింగులైతే మీకు కావలసింది సరిగ్గా ఇదే. కానీ రెండో గ్రూపు నిజంగానే పదింతలు పెద్దదై, ఆ పెద్దతనమే మీ ప్రశ్నకి జవాబైతే, దాన్ని మీ చేతులతో మీరే చెరిపేసినట్టు. నార్మలైజ్ చేశాక గ్రూపుల మధ్య సగటులు పోల్చి "అన్నీ సమానంగానే ఉన్నాయే" అని ఆశ్చర్యపోయినవాళ్లని చూశాను. అన్నీ సున్నా అయ్యేలా చేసింది మనమే కదా! కాబట్టి గ్రూపు సగటు, ఎస్‌డి కాలమ్‌లని పారేయకుండా పక్కన ఉంచుకోండి, వెనక్కి వెళ్లాలన్నా అవే దారి.

ఫర్ లూప్ రాశాను, ఎప్పుడు మొదలెట్టానో మర్చిపోయాను, ఇంకా నడుస్తూనే ఉంది. ఎందుకు?

మీ లూప్ బహుశా ఇలా ఉంటుంది: ఒక్కో గ్రూపు పేరు తీసుకుని, మొత్తం టేబుల్‌లో ఆ పేరున్న వరుసలు వెతికి, వాటికి లెక్క చేసి, ఫలితాన్ని ఒక పెద్ద టేబుల్ కింద అతికిస్తుంది. 10 లక్షల వరుసలు, 50,000 గ్రూపులు ఉన్నాయంటే వెతకడానికే 5,000 కోట్ల పోలికలు. ప్రతి గ్రూపుకీ టేబుల్ మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా తడుముతోంది కాబట్టి. అది చాలదన్నట్టు, అతికించిన ప్రతిసారీ అప్పటిదాకా పోగైన టేబుల్‌ అంతా మళ్లీ కాపీ అవుతుంది.

నిజానికి ఈ పనికి వరుసలన్నిటి మీదా ఒకటి రెండు సార్లు వెళ్తే చాలు. ఒకసారి వెళ్తూ ప్రతి వరుసకీ "నువ్వు ఎన్నో నంబరు గ్రూపు" అని పూర్ణాంకం ఇవ్వాలి, ఆ నంబరున్న డబ్బాలో విలువ కూడుతూ, లెక్క ఒకటి పెంచుతూ పోవాలి. ఇంకోసారి వెళ్తూ ఆ డబ్బాలో సగటు చూసి తీసేయాలి. గ్రూపులు 50 ఉన్నా 50,000 ఉన్నా శ్రమ దాదాపు ఒకటే. మంచి లైబ్రరీలన్నీ లోపల చేసేది ఇదే. లూప్ అంటేనే చెడ్డదని కాదు, సీ భాషలో వాళ్లూ లూపే రాశారు. మీ లూప్ గ్రూపుల మీద తిరుగుతోంది, వాళ్లది వరుసల మీద తిరుగుతోంది, తేడా అంతే.

ఆర్‌లో ఏది వాడమంటారు?

డేటా చిన్నదైతే మీకు అలవాటైనది వాడండి, నిజంగా. కొన్ని వేల వరుసలకి ఏది ఫాస్ట్ అన్న చర్చ పెట్టుకునే టైములో పని అయిపోతుంది.

ప్యాకేజీలు వద్దనుకుంటే బేస్ ఆర్‌లోనే ఏవ్ అనే ఫంక్షన్ ఉంది, దాని గురించి చాలామందికి తెలియదు. అది ఇన్‌పుట్ ఎంత పొడవుందో అంతే పొడవున్న జవాబు, అదే వరుసక్రమంలో ఇస్తుంది. అంటే పంచే దశ కూడా అదే చేసిపెడుతుంది. డిప్లయర్ ప్యాకేజీ వాడేవాళ్లు గ్రూప్ బై తర్వాత మ్యుటేట్ రాస్తారు, చదవడానికి హాయిగా ఉంటుంది. ఆ తర్వాత అన్‌గ్రూప్ మర్చిపోతే మాత్రం ఆ గ్రూపులు అలాగే అంటుకుని ఉండి, పది లైన్ల తర్వాత మీరు కాలమ్ మొత్తం సగటు అనుకున్నది గ్రూపు సగటు అయి కూర్చుంటుంది. 2023లో వచ్చిన 1.1.0 వెర్షన్ నుంచి మ్యుటేట్ లోపలే డాట్ బై అని రాయొచ్చు, ఆ గ్రూపింగ్ ఆ ఒక్క లైనుకే పరిమితం, నేనిప్పుడు అదే వాడుతున్నాను.

గ్రూపులు లక్షల్లో ఉంటే డిప్లయర్ ప్రతి గ్రూపుకీ ఆర్ ఎక్స్‌ప్రెషన్‌ని విడివిడిగా నడపాలి కాబట్టి నెమ్మదిస్తుంది. అప్పుడు డేటా డాట్ టేబుల్, లేదా కొలాప్స్ ప్యాకేజీ. కొలాప్స్‌లో ఎఫ్‌స్కేల్ అనే ఫంక్షన్‌కి కాలమ్‌నీ గ్రూపునీ ఇస్తే జెడ్ స్కోరు వచ్చేస్తుంది, సగటు మాత్రమే తీయాలంటే ఎఫ్‌విదిన్. ఇవి ఖాళీ విలువలని వాటంతటవే వదిలేస్తాయి, బేస్ ఆర్ మీన్ అలా చేయదు, ఈ తేడా గుర్తుంచుకోండి.

డేటా డాట్ టేబుల్ వాడినా నెమ్మదిగానే ఉంది.

ఫార్ములా మొత్తాన్ని, అంటే సగటు తీసి ఎస్‌డితో భాగించేదంతా, బై (దేని వారీగా గ్రూపులో చెప్పేది) ఉన్న లైన్లోనే రాశారు కదూ? డేటా డాట్ టేబుల్‌లో మీన్, సమ్, ఎస్‌డి లాంటివి ఒంటరిగా కనబడితే అది వాటిని తన వేగమైన లోపలి కోడ్‌కి మళ్లిస్తుంది. పొడుగాటి ఫార్ములాలో కలిపేస్తే గుర్తుపట్టలేక గ్రూపు గ్రూపుకీ ఆర్‌ని పిలుస్తుంది. అందుకని విడగొట్టండి: ముందు గ్రూపుకో వరుసతో సగటు, ఎస్‌డి ఉన్న చిన్న టేబుల్ తయారుచేసుకుని, దాన్ని పెద్ద టేబుల్‌కి జాయిన్ చేసి, తీసివేత, భాగహారం మాత్రం బై లేకుండా కాలమ్ మొత్తం మీద ఒకేసారి చేయండి. తీసివేతకి గ్రూపులతో పనేముంది?

ఏవ్‌కి ఫంక్షన్ ఇస్తే ఎర్రర్ వస్తోంది.

ఎఫ్‌యూఎన్ అని పేరు రాసి, ఈక్వల్స్ పెట్టి ఇవ్వాలి. పేరు లేకుండా ఇస్తే అది మీ ఫంక్షన్‌ని కూడా ఇంకో గ్రూపింగ్ కాలమ్ అనుకుంటుంది. ఇంకొకటి, ఏవ్‌కి అక్షరాల కాలమ్ ఇచ్చి గ్రూపు సైజు అడిగితే 3 అన్న అంకె బదులు "3" అన్న మాట వస్తుంది. సైజు కోసం అంకెల కాలమ్ ఏదైనా ఇవ్వండి.

ఆర్‌లో ట్యాప్లైతో గ్రూపుల సగటులు తీసి, గ్రూపు కాలమ్‌తో ఇండెక్స్ చేశాను. జవాబులు వింతగా ఉన్నాయి.

ఈ తప్పు నేనూ చేశాను, దొరకడానికి రెండు రోజులు పట్టింది. గ్రూపు ఐడీలు 1, 2, 3 అని అంకెల్లో ఉన్నాయి, ట్రయల్ డేటాలో అన్నీ సరిగ్గా వచ్చాయి. అసలు డేటాలో ఐడీ 4 లేదు, 3 తర్వాత నేరుగా 5. ట్యాప్లై ఇచ్చిన జవాబులో నాలుగో స్థానంలో ఐడీ 5 సగటు ఉంటుంది, కానీ అంకెతో ఇండెక్స్ చేస్తే ఆర్ పేరు చూడదు, స్థానం చూస్తుంది. దాంతో 5వ గ్రూపు వాళ్లకి 6వ గ్రూపు సగటు వెళ్లింది, 6వ వాళ్లకి 7వది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, చివరి గ్రూపుకి మాత్రం ఖాళీలు వచ్చాయి, అది చూసే అనుమానం వచ్చింది.

మందు చిన్నదే. ఐడీని యాజ్ డాట్ క్యారెక్టర్‌తో అక్షరాలుగా మార్చి ఇండెక్స్ చేయండి, అప్పుడు పేరుతో వెతుకుతుంది. లేదా మ్యాచ్ ఫంక్షన్ వాడండి.

మ్యుటేట్ లోపల స్కేల్ వాడాను, కాలమ్ పేరు పక్కన కామా ఒకటీ అంటూ వింతగా కనబడుతోంది.

స్కేల్ వెక్టర్ ఇవ్వదు, మ్యాట్రిక్స్ ఇస్తుంది, దాంతో పాటు తీసేసిన సగటునీ భాగించిన ఎస్‌డినీ తోకలా తగిలిస్తుంది. యాజ్ డాట్ న్యూమరిక్‌లో చుట్టేయండి. చుట్టకపోతే ఇప్పుడేమీ కాదు, తర్వాత జాయిన్ చేసేటప్పుడో ఫైల్లోకి రాసేటప్పుడో ఏడిపిస్తుంది.

పాండాస్‌లో ట్రాన్స్‌ఫామ్ వాడాలా, అప్లై వాడాలా?

ట్రాన్స్‌ఫామ్. దాని ఒప్పందమే అది: ఇచ్చిన ఇండెక్స్‌తోనే, ఇచ్చిన క్రమంలోనే జవాబు తిరిగిస్తుంది. అప్లై ఏం ఇస్తుందో మీ ఫంక్షన్ ఏం తిరిగిచ్చిందన్న దాన్ని బట్టి, పాండాస్ వెర్షన్‌ని బట్టి మారుతుంది. ఒక్కోసారి గ్రూపు పేరు కూడా ఇండెక్స్‌లో చేరి, కొత్త కాలమ్‌గా పెట్టబోతే పొసగదు. అక్కడ చిరాకేసి చాలామంది చివర్లో డాట్ వాల్యూస్ తగిలించి బలవంతంగా ఎక్కించేస్తారు. అదే అసలు ప్రమాదం. అప్లై ఫలితం గ్రూపుల వారీగా పేర్చి ఉంటే, మీ టేబుల్ వేరే క్రమంలో ఉంటే, ఒకరి స్కోరు ఇంకొకరి వరుసలో పడుతుంది. ఇండెక్స్ ఉన్నదే ఈ తప్పు జరగకుండా కాపలా కాయడానికి, డాట్ వాల్యూస్ అంటే ఆ కాపలాదారుని ఇంటికి పంపేయడం.

ట్రాన్స్‌ఫామే వాడాను. అయినా స్లోగా ఉంది.

లోపల లాంబ్డా, అంటే అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షన్, రాశారా? అయితే గ్రూపుకోసారి పైథాన్ ఫంక్షన్ పిలుపు, దాని కోసం గ్రూపుకో చిన్న సిరీస్ తయారీ, ఖర్చంతా అదే. లాంబ్డా బదులు "మీన్", "ఎస్‌టీడీ" అని కోట్స్‌లో మాటగా ఇవ్వండి, అప్పుడు కంపైల్ చేసిన కోడ్ నడుస్తుంది. గ్రూప్‌బైని ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, దాని మీద మీన్‌తో ఒకసారి, ఎస్‌టీడీతో ఒకసారి ట్రాన్స్‌ఫామ్ చేసి, తీసివేత, భాగహారం బయట చేయండి. ఒకే ఆబ్జెక్ట్ వాడితే ఏ వరుస ఏ గ్రూపుదో తేల్చే పని కూడా రెండోసారి చేయక్కర్లేదు. చూశారా, డేటా డాట్ టేబుల్ దగ్గర చెప్పిందే ఇది కూడా.

పాండాస్ లాంటిదే ఇంకో లైబ్రరీ పోలార్స్ వాడేవాళ్లకి ఇది ఇంకా తేలిక, సగటు ఎక్స్‌ప్రెషన్ చివర ఓవర్ అని గ్రూపు కాలమ్ పేరిస్తే చాలు.

పాండాస్‌లో గ్రూపు కాలమ్ క్యాటగరికల్ (ఏయే విలువలు ఉండొచ్చో జాబితా ముందే ఉన్న రకం) అయితే ఇంకో చిక్కుంది. రెండు క్యాటగరికల్ కాలమ్‌ల మీద గ్రూప్ చేసేటప్పుడు అబ్జర్వ్‌డ్ ఈక్వల్స్ ట్రూ ఇవ్వకపోతే డేటాలో లేని జోడీలని కూడా పాండాస్ గ్రూపులుగా లెక్కేయొచ్చు. ఒకదాంట్లో 5,000, ఇంకోదాంట్లో 2,000 ఉంటే కోటి జోడీలు. మెమరీ అయిపోయిందంటే ముందు అక్కడ చూడండి.

ఒక్క కాలమ్ కాదు, వందల కాలమ్‌లు ఉన్నాయి.

అయితే మ్యాట్రిక్స్‌గా ఆలోచించండి. ఆర్‌లో రోసమ్ అనే ఫంక్షన్‌కి మ్యాట్రిక్స్‌నీ గ్రూపునీ ఇస్తే అన్ని కాలమ్‌లకీ గ్రూపుల మొత్తాలు ఒక్క దెబ్బకి వస్తాయి, చాలా వేగం. వాటిని గ్రూపు సైజులతో భాగిస్తే సగటులు. తర్వాత గ్రూపు కాలమ్‌ని ఆ జవాబులోని వరుస పేర్లతో మ్యాచ్ చేసి, వచ్చిన స్థానాలతో సగటుల మ్యాట్రిక్స్‌ని ఇండెక్స్ చేస్తే అసలు మ్యాట్రిక్స్ అంత పొడవుకి సాగుతుంది, తీసేయండి. రోసమ్ గ్రూపు పేర్లని సార్ట్ చేసి ఇస్తుంది కాబట్టి మ్యాచ్ మెట్టు మానేయకూడదు.

పైథాన్‌లో లెక్కల లైబ్రరీ నంపైలో గ్రూప్‌బై లేదు, కానీ యూనిక్‌ని రిటర్న్ ఇన్వర్స్‌తో పిలిస్తే ప్రతి వరుసకీ గ్రూపు నంబరొస్తుంది, బిన్‌కౌంట్‌కి ఆ నంబర్లనీ, వెయిట్స్ కింద విలువలనీ ఇస్తే గ్రూపుల మొత్తాలొస్తాయి. బిన్‌కౌంట్ ఒకసారికి ఒక కాలమే తీసుకుంటుంది. కాలమ్‌ల మీద లూప్ పెట్టుకోండి, అది మంచి లూపే.

ఆర్‌లో వచ్చిన జెడ్ స్కోరు, పైథాన్‌లో వచ్చింది కలవడం లేదు.

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే. గ్రూపులో వరుసల సంఖ్య n అనుకుంటే, ఎస్‌డి లెక్కలో ఆర్ ఎస్‌డి, పాండాస్ ఎస్‌టీడీ n-1తో భాగిస్తాయి. నంపై ఎస్‌టీడీ, సైకిట్ లెర్న్‌లోని స్టాండర్డ్ స్కేలర్ n తో భాగిస్తాయి. పెద్ద డేటాలో ఈ తేడా కంటికి ఆనదు, కానీ మనం గ్రూపులుగా చీల్చాం కదా, గ్రూపులు చిన్నవి. ఇద్దరే ఉన్న గ్రూపులో ఒక పద్ధతిలో స్కోర్లు ±0.707, ఇంకో పద్ధతిలో ±1. ఏది వాడినా ఫరవాలేదు, ప్రాజెక్ట్ అంతా ఒకటే వాడండి. డీడీఓఎఫ్, అంటే n లోంచి తీసేది 0నా 1నా అన్నది, కోడ్‌లో రాసిపెట్టండి, డిఫాల్ట్‌కి వదలొద్దు.

గ్రూపులో ఒక్క వరుసే ఉంటే? అన్నీ ఒకే విలువైతే?

ఒక్క వరుసకి ఎస్‌డి n-1 పద్ధతిలో ఉండదు, ఆర్ ఎన్ఏ ఇస్తుంది, పాండాస్ నాన్ ఇస్తుంది, రెండూ విలువ లేదని చెప్పే గుర్తులే. అన్నీ ఒకే విలువైతే ఎస్‌డి సున్నా, సున్నాని సున్నాతో భాగిస్తున్నారు, మళ్లీ నాన్. మిన్ మ్యాక్స్ పద్ధతిలోనూ, అంటే 0కీ 1కీ మధ్యకి కుదించేదాంట్లోనూ, ఇదే కథ. వీటిని 0గా మార్చేయడం అందరూ చేసేదే, నేనూ చేస్తాను, కానీ 0 అంటే "సరిగ్గా సగటు మీద ఉన్నాడు" అని అర్థం, "పోల్చడానికి ఎవరూ లేరు" అని కాదు. కాబట్టి మార్చే ముందు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, పక్కన ఒక గుర్తు కాలమ్ పెట్టండి.

ఇందులో దొంగదెబ్బ ఒకటుంది. అన్నీ 0.1 ఉన్న గ్రూపుకి ఎస్‌డి సరిగ్గా సున్నా రాకపోవచ్చు, దశాంశం తర్వాత పదహారు సున్నాలున్న బుల్లి సంఖ్య రావచ్చు. అలాంటప్పుడు నాన్ రాదు, నిజమైన స్కోరులా కనబడే చెత్త వస్తుంది. సున్నాకి సమానమా అని అడగడం కంటే, ఇంతకంటే చిన్నదా అని ఒక హద్దు పెట్టి అడగండి.

గ్రూపు లోపల జెడ్ స్కోరు 3 దాటితే ఔట్‌లయర్, అంటే మిగతావాటికి బాగా దూరంగా ఉన్న విలువ, అని తీసేస్తున్నాం. ఒక్కటీ దొరకడం లేదు, డేటా అంత శుభ్రంగా ఉందా?

గ్రూపు సైజులు చెప్పండి ముందు. n వరుసలున్న గ్రూపులో, n-1తో భాగించే ఎస్‌డి వాడితే, జెడ్ స్కోరు (n-1)/√n దాటడం అసాధ్యం. విలువ ఎంత పిచ్చిగా ఉన్నా సరే, ఎందుకంటే ఆ పిచ్చి విలువే ఎస్‌డిని కూడా పైకి లాగుతుంది. 3 వరుసలకి గరిష్ఠం 1.155. 10 వరుసలకి 2.846. అంటే పదిమంది ఉన్న గ్రూపులో ఒకడి జీతం కోట్లలో టైపు చేసినా మీ రూల్ పట్టుకోలేదు. 11 వరుసలకి గానీ 3.015 రాదు.

మరి మీడియన్ వాడితే?

చిన్న గ్రూపులకీ, చెడ్డ విలువలు ఉన్నచోటా నేను అదే సలహా ఇస్తాను. గ్రూపు మీడియన్ తీసేసి, మీడియన్ నుంచి దూరాల మీడియన్‌తో, అంటే మ్యాడ్‌తో భాగించండి. ఆర్‌లో మ్యాడ్ ఫంక్షన్ దాన్ని 1.4826తో గుణించి ఇస్తుంది, నార్మల్ డేటాలో ఎస్‌డితో సమానంగా ఉండాలని. పాత పాండాస్‌లో అదే పేరుతో ఉన్నది వేరే సరుకు, సగటు నుంచి దూరాల సగటు. 2.0లో తీసేశారు, మంచిపని చేశారు. ఒక ఇబ్బంది: గ్రూపులో సగం కంటే ఎక్కువ ఒకే విలువైతే మ్యాడ్ సున్నా అయిపోతుంది. సున్నాలు ఎక్కువున్న డేటాలో ఇది తరచూ ఎదురవుతుంది, అప్పుడు గ్రూపు లోపల ర్యాంకు తీసుకోవడం నయం.

గ్రూపు పేరే ఖాళీగా ఉన్న వరుసలు ఏమవుతాయి?

ఒక్కో టూల్‌ది ఒక్కో తీరు. పాండాస్ గ్రూప్‌బై మామూలుగా వాటిని వదిలేస్తుంది, ట్రాన్స్‌ఫామ్‌లో అక్కడ నాన్ వస్తుంది, వద్దనుకుంటే డ్రాప్‌ఎన్ఏ ఈక్వల్స్ ఫాల్స్ ఇవ్వాలి. డిప్లయర్ వాటన్నిటినీ కలిపి ఒక గ్రూపు చేసేస్తుంది. ఎస్‌క్యూఎల్‌లో పార్టిషన్ బై కూడా అంతే. "ఎక్కడివాళ్లో తెలియదు" అనేవాళ్లంతా ఒకే ఊరివాళ్లన్నట్టు వాళ్లలో వాళ్లనే పోల్చడం అర్థం లేని పని, కాబట్టి టూల్‌కి వదలకుండా మీరే ముందు నిర్ణయించండి.

వర్గాల సగటు నుంచి సగటు వర్గం తీసేసి వర్గమూలం తీస్తే ఒకే చుట్టులో ఎస్‌డి వస్తుంది కదా, అది ఫాస్ట్ కదా?

ఫాస్టే, కానీ తప్పు జవాబు కూడా అంతే ఫాస్ట్‌గా వస్తుంది. విలువలు 10,00,00,001, 10,00,00,002, 10,00,00,003 అనుకోండి. అసలు వేరియన్స్, అంటే ఎస్‌డి వర్గం, 1. వర్గాలు 10¹⁶ దాటిపోతాయి, మామూలు డబుల్ నంబరు పూర్ణాంకాలని ఒక్కటీ వదలకుండా పట్టుకోగలిగేది 2⁵³ దాకా, అంటే 9,00,71,99,25,47,40,992 దాకానే. చివరి అంకెలు అక్కడే రాలిపోతాయి, తర్వాత రెండు బ్రహ్మాండమైన సంఖ్యల్ని తీసివేస్తే మిగిలేది రాలిపోయిన చెత్తే. వేరియన్స్ నెగటివ్‌గా కూడా రావచ్చు. టైమ్ స్టాంపులు, పెద్ద ఐడీల్లాంటి కొలతలు, 32 బిట్ ఫ్లోట్‌లు ఉన్నచోట ఇది పుస్తకాల్లో ముచ్చట కాదు, నిజంగా జరుగుతుంది. ముందు సగటు తీసేసి తర్వాత వర్గాలు కూడండి. రెండు చుట్లు తిరిగితే తిరిగింది. ఒకే చుట్టు కావాలంటే వెల్ఫర్డ్ 1962లో ఇచ్చిన పద్ధతి ఉంది, సగటుని నడుస్తూనే సరిదిద్దుకుంటూ పోతుంది.

ఫైల్ మెమరీలో పట్టడం లేదు.

ముక్కలుగా చదువుతూ ప్రతి గ్రూపుకీ మూడు సంఖ్యలు దాచుకోండి: లెక్క, సగటు, సగటు నుంచి దూరాల వర్గాల మొత్తం. రెండు ముక్కల్ని కలిపేటప్పుడు వర్గాల మొత్తాలు రెండూ కూడి, దానికి సగటుల తేడా వర్గం × రెండు లెక్కల లబ్ధం ÷ మొత్తం లెక్క కలపాలి. ఫైల్‌ని రెండోసారి చదువుతూ స్కోర్లు రాసేయండి. మీడియన్‌కి మాత్రం ఇలాంటి దారి లేదు, ముక్కల మీడియన్ల నుంచి మొత్తం మీడియన్ రాదు.

డేటా డేటాబేస్‌లోనే ఉంది, బయటికి లాగాలా?

అక్కర్లేదు. విండో ఫంక్షన్లు ఉన్నది ఇందుకే: సగటుకి పక్కన ఓవర్ పార్టిషన్ బై అని గ్రూపు పేరిస్తే వరుసలు కుదించకుండా సగటు ప్రతి వరుస పక్కనా వచ్చి కూర్చుంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి, ఎస్‌క్యూలైట్‌లో 3.25 నుంచి ఉన్నాయి, రెండూ 2018వే. ఎస్‌డి సున్నా అయ్యే గ్రూపుల కోసం హారాన్ని నల్‌ఇఫ్‌లో పెట్టండి. ఎస్‌క్యూలైట్‌లో ఎస్‌డి ఫంక్షన్ డిఫాల్ట్‌గా రాదు, చేత్తో రాసుకోవాలి, రాసేటప్పుడు పైన చెప్పిన వర్గాల ఉచ్చులో పడకండి.

గ్రూపులో వాటాలు లెక్కేస్తే అన్నీ సున్నాలొచ్చాయి.

పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ లాంటివాటిలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశాలు కోసేస్తాయి. 1.0తో గుణించి తర్వాత భాగించండి. ఆర్, పాండాస్‌లలో ఈ గొడవ లేదు. అక్కడ చూసుకోవలసింది నెగటివ్ విలువలు: మొత్తం సున్నా దగ్గరికొస్తే వాటాలు వేలల్లోకి పోతాయి.

ప్రతి గ్రూపునీ దాని మొదటి విలువతో భాగించాలి.

ముందు తేదీ ప్రకారం సార్ట్ చేయండి, "మొదటి" అంటే టేబుల్‌లో మొదట కనబడినది అని తప్ప కంప్యూటర్‌కి వేరే తెలియదు. పాండాస్‌లో ట్రాన్స్‌ఫామ్‌కి "ఫస్ట్" ఇస్తే మొదటి ఖాళీ కాని విలువ తీసుకుంటుంది, అంటే కొన్ని గ్రూపులకి బేస్ మొదటి నెల అయితే కొన్నిటికి మూడో నెల కావచ్చు. మీకది సమ్మతమేనా చూసుకోండి.

రెండు రకాల గ్రూపులున్నాయి, ఉద్యోగి వారీగా, సంవత్సరం వారీగా. ఒకదాని తర్వాత ఒకటి తీసేస్తే చాలా?

ప్రతి ఉద్యోగికీ ప్రతి సంవత్సరం సరిగ్గా ఒక్కో వరుస ఉంటే చాలు. లేకపోతే చాలదు. ఉద్యోగి సగటులు తీసేసి, తర్వాత సంవత్సరం సగటులు తీసేస్తే, ఈ రెండో తీసివేత మొదటిదాన్ని కదిలిస్తుంది, ఉద్యోగి సగటులు మళ్లీ సున్నా కాకుండా పోతాయి. మళ్లీ మొదటిది, మళ్లీ రెండోది, మార్పు కనబడనంత చిన్నదయ్యే దాకా తిప్పుతూ ఉండాలి. దాన్ని చేత్తో రాయకండి, ఆర్‌లో ఫిక్స్‌ఎస్ట్ లాంటివి ఉన్నాయి. ఉద్యోగి, సంవత్సరం జోడీనే ఒక గ్రూపు చేయడం వేరే పని, చాలామంది రెండింటినీ కలిపేస్తారు. జోడీకి ఒక్క వరుసే ఉంటే అన్నీ సున్నాలవుతాయి.

గ్రూపు సగటు తీసేసి రిగ్రెషన్ చేస్తే, గ్రూపు డమ్మీలు (గ్రూపుకో 0/1 కాలమ్) పెట్టినట్టేనా?

కోఎఫిషియెంట్లు అచ్చంగా అవే వస్తాయి. ఫ్రిష్, వా 1933లో చూపించారు, లవెల్ 1963లో దాన్ని విస్తరించాడు. కానీ షరతులున్నాయి. ఎడమ వైపుదీ కుడి వైపువీ అన్నిటికీ సగటు తీయాలి. అన్నిటికీ ఒకే వరుసల మీద తీయాలి, ఒక వేరియబుల్‌లో ఖాళీలుంటే ఆ వరుసలు ముందే పోవాలి. సగటు మాత్రమే తీయాలి, గ్రూపు ఎస్‌డితో కూడా భాగిస్తే అది వేరే మోడల్.

ఇంకొకటి, స్టాండర్డ్ ఎర్రర్లు. 1,000 వరుసలు, 200 గ్రూపులు, 3 వేరియబుల్స్ ఉంటే మిగిలే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 797. మీరు తీసేసిన 200 సగటుల సంగతి మామూలు రిగ్రెషన్ ఫంక్షన్‌కి తెలియదు కాబట్టి 997 అనుకుంటుంది. నిజమైన ఎర్రర్ అది చూపించినదానికంటే దాదాపు 12 శాతం ఎక్కువ.

మోడల్ ట్రెయిన్ చేసే ముందు మొత్తం డేటాని గ్రూపుల వారీగా నార్మలైజ్ చేసేస్తే తప్పా?

తప్పే. టెస్ట్ వరుసలు కూడా సగటులో కలిసిపోయి, ట్రెయినింగ్‌కి ముందే కబురు మోసేస్తాయి. ట్రెయిన్ డేటాలో గ్రూపుల సగటు, ఎస్‌డి టేబుల్ తయారుచేసి దాచుకుని, టెస్ట్‌కి అదే టేబుల్ జాయిన్ చేయండి. టెస్ట్‌లో కొత్త గ్రూపు వస్తే ఏం వాడాలో, మొత్తం సగటా ఇంకేదైనానా, ముందే తేల్చుకోండి.

తన విలువ తనే ఉన్న సగటుతో పోల్చడం అన్యాయం అనిపిస్తోంది. తనని తీసేసి మిగతావాళ్ల సగటు తీయాలంటే మళ్లీ లూపేనా?

వద్దు. మిగతావాళ్ల సగటు = (గ్రూపు మొత్తం - తన విలువ) ÷ (n-1). ఇంకా చెప్పాలంటే, దాని నుంచి దూరం మామూలు దూరాన్ని n/(n-1)తో గుణించినంతే.

అంతా సరిగ్గా చేశానో లేదో ఎలా తెలుస్తుంది?

వరుసల సంఖ్య మారలేదని చూడండి, జాయిన్‌లో గ్రూపు పేరు రెండుసార్లుంటే వరుసలు పిల్లలు పెడతాయి. ఖాళీలు ముందెన్ని, తర్వాతెన్ని చూడండి. ప్రతి గ్రూపు సగటు సున్నా దగ్గరా, ఎస్‌డి 1 దగ్గరా ఉన్నాయేమో చూడండి, సరిగ్గా సున్నా అడగొద్దు, 10⁻⁹ లోపుందా అని అడగండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ స్కోర్లు సరైన గ్రూపుకే వెళ్లి, గ్రూపు లోపల వాళ్లలో వాళ్లకి తారుమారైతే సగటు సున్నాయే ఉంటుంది, ఎస్‌డి 1గానే ఉంటుంది, ఈ పరీక్షలన్నీ పాసైపోతాయి. దాన్ని పట్టుకోవాలంటే గ్రూపు లోపల అసలు విలువల ర్యాంకులూ, కొత్త స్కోర్ల ర్యాంకులూ ఒకటేనా అని చూడాలి. నేను ఇంకొకటి కూడా చేస్తాను: ప్రతి వరుసకీ ఒక నంబరిచ్చి, టేబుల్‌ని బాగా కలిపేసి, అదే కోడ్ మళ్లీ నడిపి, నంబరు ప్రకారం సార్ట్ చేసి పాత జవాబుతో పోలుస్తాను. డాట్ వాల్యూస్ తప్పు ఎక్కడున్నా సాధారణంగా ఇందులో బయటపడుతుంది.